సిలబస్‌లో చేరిన సినిమా

పిల్లల్ని ఏదైనా ఒక పిచ్చి నుంచి తప్పించాలనుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. తిట్టకండి, కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. ఆ పిచ్చిని తీసుకెళ్లి సిలబస్‌లో చేర్పించండి. వారానికి రెండు పీరియడ్లు, టర్ముకో పరీక్ష. ఆ తర్వాత మీ పిల్లలు జన్మలో దాని మొహం చూస్తే నన్నడగండి.

ఇది గాలి కబురు కాదు. ఒక ప్రిన్సిపాల్ గారు తన సొంత బడిలో చేసి చూపించారు. చదువుల మీద జనానికి నమ్మకం సన్నగిల్లుతున్న ఈ రోజుల్లో ఆయన సాధించిన విజయం నలుగురికీ తెలియాలి. ఆ విజయానికి పనిముట్టుగా ఉపయోగపడిన ఆయన మరదలి సంగతి కూడా తెలియాలి. ఎందుకంటే తాను పనిముట్టునని ఆవిడకు చాలాకాలం తెలియలేదు.

ఆవిడ సినిమా ఎడిటర్. దర్శకులు తెచ్చి కుమ్మరించిన గంటల కొద్దీ బొమ్మను ముందేసుకుని, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చడం ఆవిడ పని. సినిమా వాళ్లంతా ఆవిడను ఎడిటరమ్మ అనేవారు. పెళ్లి చేసుకోలేదు. చీకటి గదిలో తెర ముందు కూర్చుని, జుట్టు సగం నెరిసేదాకా అదే పని చేసింది. తెర మీద ఒక మనిషి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, ఆ కన్నీరు జారకముందే బొమ్మ మార్చేయాలా, జారనిచ్చి మార్చాలా అని పూటంతా ఆలోచించగల మనిషి. ఆ ఆలోచనకు ప్రపంచంలో విలువ ఉందని గట్టిగా నమ్మిన మనిషి కూడా.

అలాంటి మనిషికి ఒక ఆదివారం అక్కగారింట్లో భోజనాల దగ్గర బావగారు అడిగారు.

"మా బడిలో సినిమా పాఠాలు చెప్తావా?"

ఎడిటరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనా? పాఠాలా? బావగారూ, నేను పదో తరగతి రెండోసారి పాసయ్యానని మీ పెళ్లిలో మీరే కదా అందరికీ చెప్పింది?"

"అదంతా పాత మాట. పిల్లలకి సినిమా అంటే ఏంటో తెలియాలి. ఎలా తీస్తారు, ఎలా చూడాలి. నీకంటే ఎవరికి తెలుసు?"

పక్కనే కూర్చున్న అక్కకూతురికి అన్నం గొంతులో అడ్డుపడినంత పనైంది. ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. సినిమా చూసొస్తే ఆ సినిమాలో మనిషిలాగే రెండు రోజులు నడిచే పిల్ల. సెలవొస్తే పిన్ని ఎడిటింగ్ గదిలో మూలనున్న స్టూలెక్కి కూర్చుని, కదలకుండా, మెదలకుండా, ఒకే సీను ముప్పైసార్లు వచ్చినా ముప్పైసార్లూ నోరు తెరుచుకుని చూసేది.

"పిన్నీ, ఒప్పుకో," అంది ఆ పిల్ల.

ఎడిటరమ్మ ఒప్పుకుంది. ఇంటికి వెళ్తూ దారంతా తనలో తాను నవ్వుకుంది. ఇన్నాళ్లకు సినిమాకు కూడా బడిలో కుర్చీ వేస్తున్నారు. అదీ బావగారు. సినిమా పేరెత్తితే మొహం చిట్లించే బావగారు.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆ బడికి రెండు వీధుల అవతల ఒక సినిమా హాలు ఉంది. శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు, పై తరగతుల్లో సగం బెంచీలు ఖాళీ. ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడి బామ్మ పోయింది, పోయినవారమే పోయిన బామ్మ మళ్లీ పోయింది. ప్రిన్సిపాల్ గారు గోడ ఎత్తు పెంచారు, గేటు దగ్గర మనిషిని పెట్టారు, హాలు మేనేజర్‌కి ఫోన్ చేసి బతిమాలారు. లాభం లేకపోయింది. ఆయన ఏం చేశారన్నది ఇప్పుడు మీకు అర్థమవుతోంది. ఎడిటరమ్మకు అప్పటికి కాలేదు.

మొదటి క్లాసుకు ఎడిటరమ్మ చీర రెండుసార్లు మార్చుకుని వెళ్లింది. పాఠ్యపుస్తకం లేదు కాబట్టి, తను ఎప్పుడో కోసి కూర్చిన ఒక సినిమాలోంచి ఒక సీను తీసుకెళ్లింది. కిటికీలకు తెరలు దించి, గోడ మీద వేసింది.

వంటింట్లో ఒక తల్లి గిన్నెలు కడుగుతుంటుంది. కుళాయి ధారగా పడుతుంటుంది. పక్కగదిలో ఇద్దరు కొడుకులు గొడవపడుతున్నారు. వాళ్లు కనపడరు. మాటలు కూడా సరిగా వినపడవు, నీళ్ల చప్పుడులో కొట్టుకుపోతుంటాయి. తల్లి ఒకే పళ్లేన్ని మళ్లీ మళ్లీ కడుగుతుంది. కాసేపటికి చెయ్యి చాచి కుళాయి కట్టేస్తుంది. అప్పుడు తెలుస్తుంది, పక్కగదిలో మాటలు ఎప్పుడో ఆగిపోయాయని. ఆవిడ తడి చేతులతో అలాగే నిలబడి వింటుంది. అంతే సీను.

"దర్శకుడు ఆ గొడవంతా తీశాడు," అంది ఎడిటరమ్మ. "అరుచుకోవడం, చొక్కాలు పట్టుకోవడం, తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోవడం. నటులు ప్రాణం పెట్టి చేశారు. నేను మొత్తం తీసేశాను. ఆయన నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు."

వెనక బెంచీలోంచి ఒక పొడుగు కుర్రాడు అడిగాడు. "మరి ఎవరు వెళ్లిపోయారు మేడం? పెద్దోడా, చిన్నోడా?"

"నీకెవరనిపించింది?"

"చిన్నోడు."

"కాదు, పెద్దోడే," అంది అక్కకూతురు. "అమ్మ కుళాయి కట్టేసేటప్పుడు గుమ్మం వైపు చూసింది. చిన్నోడైతే కిటికీలోంచి చూసుండేది, వెనక్కి పిలవడానికి."

"అసలెవరూ పోలేదేమో," అన్నారు మరొకరు. "ఇద్దరూ ఏడుస్తున్నారేమో లోపల. మగాళ్లు కదా, చప్పుడు రాకుండా ఏడుస్తారు."

క్లాసు రెండు ముఠాలుగా, తర్వాత మూడు ముఠాలుగా చీలిపోయింది. సీను మళ్లీ వేయమన్నారు. వేసింది. మళ్లీ వేయమన్నారు. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

వరండాలో వెళ్తున్న ప్రిన్సిపాల్ గారు ఆగి, కిటికీ తెర ఒత్తిగించి చూశారు. గంట కొట్టాక కూడా పిల్లలు బెంచీల్లో ఉండటం ఆ బడి పుట్టాక అదే మొదలు. మరొకరైతే సంతోషించేవారు. ఆయన అనుభవజ్ఞుడు కాబట్టి కంగారుపడ్డారు. ఇదేదో వికటించేలా ఉంది, దీన్ని వెంటనే క్రమపద్ధతిలో పెట్టాలి అనుకున్నారు.

క్రమపద్ధతి పేరు వైస్ ప్రిన్సిపాల్ మేడం. ఆవిడ చాలా మంచి మనిషి. పిల్లలంటే ప్రాణం, కాకపోతే వాళ్లను మార్కుల రూపంలో ఎక్కువ గుర్తుపట్టేది. ఆ వారమే ఎడిటరమ్మను పిలిచి కూర్చోబెట్టింది.

"సీను చాలా బాగుందటండీ. అందరూ చెప్పారు. కాకపోతే దాని వల్ల పిల్లలు నేర్చుకున్నదేంటో ఒక ముక్క రాసివ్వండి."

"చూశారండీ."

"చూశారు సరే. చూస్తే ఏం వచ్చింది?"

"ఏదో వచ్చిందండీ. ఏంటో వాళ్లే చెప్పాలి."

"అలా రాస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఒప్పుకోరండీ," అంది వైస్ ప్రిన్సిపాల్ మేడం ఎంతో బాధగా.

నెల తిరిగేసరికి పుస్తకం వచ్చింది. కట్ అనగానేమి, కట్ ఎన్ని విధములు, కట్ వలన కలుగు లాభములు. క్లోజప్ కనిపెట్టుటకు దారితీసిన పరిస్థితులు. పుస్తకం వచ్చాక సినిమాలు వేయడానికి పీరియడ్లు మిగల్లేదు. సినిమాలు చూస్తూ కూర్చుంటే సినిమా సబ్జెక్టు ఎప్పటికి పూర్తవుతుంది? తెర మీద అక్షరాలు వేసి, పిల్లల చేత పైకి చదివించడం మొదలైంది. పుస్తకం వెనకే గైడు వచ్చింది. గైడు వెనకే ట్యూషన్ వచ్చింది. సినిమాలో వీక్‌గా ఉన్న పిల్లలకు సెలవు రోజుల్లో స్పెషల్ క్లాసులు పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం హాలు మేనేజర్ గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూస్తూ, ఈ బడికి సెలవులిచ్చారా ఏంటి అని టీ కొట్టువాడిని అడిగాడట.

మరి ఎడిటరమ్మ ఏం చేస్తోంది అని మీరడగొచ్చు. చెప్పమన్నది చెప్తోంది. మొదట్లో రెండుమూడుసార్లు నోరు విప్పింది. పునాది గట్టిగా పడాలి కదండీ అన్నారు. చదువు సరిగా అబ్బని మనిషికి బడి లోపల ఒక బెరుకు ఉంటుంది. పునాది అనగానే ఆవిడ తల దించుకునేది. ఇంతమంది చదువుకున్నవాళ్లు చెప్తున్నారంటే ఏదో ఉండే ఉంటుంది అనుకునేది.

పరీక్షలు వచ్చాయి. ప్రశ్న ఇది: కుళాయి కట్టివేయుటలో గల అంతరార్థమును వివరింపుము. ఐదు మార్కులు. జవాబు ఏమిటో ముందే తేల్చి, వైస్ ప్రిన్సిపాల్ మేడం అందరికీ పంచింది. పెద్ద కొడుకు ఇల్లు విడిచి వెళ్లెను, ఇది కుటుంబ విచ్ఛిత్తికి సంకేతము.

"ఇది ఒక్కటే సరైనదని ఎలా అంటామండీ?" అంది ఎడిటరమ్మ. "ఆ సీను కోసినదాన్ని నేను. నాకే ఇప్పటికీ తెలీదు ఎవరు వెళ్లారో."

"మీకు తెలీకపోతే ఫర్వాలేదండీ," అని ఓదార్చింది వైస్ ప్రిన్సిపాల్ మేడం. "దిద్దేటప్పుడు మాత్రం ఇదే చూడండి."

ఇద్దరూ ఏడుస్తున్నారని రాసిన పిల్లవాడికి సున్నా వచ్చింది. చిన్న కొడుకన్న పొడుగు కుర్రాడికి సున్నా వచ్చింది. అంతరార్థము అన్న మాట మూడుచోట్ల వాడిన అక్కకూతురికి ఫస్టు ర్యాంకు వచ్చింది. ఆ సంతోషంలో అక్కగారు వీధంతా మిఠాయిలు పంచింది. ఎడిటరమ్మ ఆ పిల్లను సినిమాకు తీసుకెళ్తానంది. మునుపైతే ఈ మాటకు చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరేది.

"ఇప్పుడా పిన్నీ?" అంది అక్కకూతురు. "సరేలే, వస్తాను."

సినిమా బాగుంది. ఇంటర్వెల్‌కు ముందు ఒక సీను ఉంది. చనిపోయిన భార్య చెప్పుల్ని ఒక ముసలాయన గుమ్మంలోంచి తీయడానికి వంగి, తీయలేక, వాటిని తిన్నగా జరిపి వెళ్లిపోతాడు. హాల్లో ముక్కులు ఎగబీల్చుకుంటున్న చప్పుడు. ఎడిటరమ్మ కళ్లు తుడుచుకుని పక్కకు చూసింది. అక్కకూతురు ఆవులిస్తోంది.

"లో యాంగిల్," అంది ఆ పిల్ల మెల్లగా. "తర్వాత లాంగ్ షాట్, ఒంటరితనాన్ని సూచించును. పిన్నీ, ఇది వస్తుందా పరీక్షలో?"

"రాదు."

"మరి ఇంటికెళ్దామా?"

ఎడిటరమ్మ లేచింది. ఇంటికి వచ్చేశారు. ముసలాయన ఏమయ్యాడో ఇద్దరికీ తెలియలేదు. ఒకరికి తెలుసుకోవాలని కూడా లేదు.

అంతటితో పోయినా బాగుండేది. ఆ రోజుల్లోనే ఒక కుర్ర దర్శకుడు తన మొదటి సినిమాను ఎడిటరమ్మ చేతిలో పెట్టాడు. బడి లేని పూటల్లో కూర్చుని కోసింది. ఎక్కడా తడబాటు లేదు. ఇక్కడ క్లోజప్ పెట్టాలి, పెట్టింది. ఇక్కడ భావోద్వేగం పెంచాలి, పెంచింది. పూర్తయ్యాక అతను వచ్చి చూశాడు. చూశాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బాబూ? చెప్పు."

"అన్నీ కరెక్టుగానే ఉన్నాయి మేడం," అన్నాడు అతను బెరుగ్గా. "ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కాని నాకేం అనిపించట్లేదు మేడం. నా సినిమానే, నాకే ఏం అనిపించట్లేదు."

అతను వెళ్లాక ఎడిటరమ్మ మొదటినుంచి వేసుకుని చూసింది. అతను చెప్పింది నిజం. సినిమా మొత్తం ఐదు మార్కుల జవాబులా ఉంది.

మర్నాడు పొద్దున్నే బావగారి గదికి వెళ్లి కూర్చుంది. "నేను మానేస్తాను బావగారూ. పిల్లలకి సినిమా మీద ఇష్టం పోయింది. మన పిల్లకి కూడా. అది నా వల్లే పోయింది."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, అభిమానంగా నవ్వారు.

"పోవాలనే కదమ్మా పెట్టింది."

ఎడిటరమ్మకు అర్థం కాలేదు. ఆయన వివరించారు. ఆయన చిన్నప్పుడు బంగారం లాంటి గొంతుతో పద్యాలు పాడుకుంటూ తిరిగేవారట. పద్యాలకు ప్రతిపదార్థాలు రాయించారు, మళ్లీ పాడలేదు. కప్పల్ని పట్టుకుని ఆడుకునేవారట. కప్ప బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు, మళ్లీ కప్ప మొహం చూడలేదు. నక్షత్రాలూ అంతే. చదువు చేతిలో ఇంత బలం ఉండగా, గోడలు ఎత్తు పెంచుకుంటూ కూర్చోవడం తన తెలివితక్కువతనమని ఆయనకు ఉన్నట్టుండి తట్టిందట.

"ఇప్పుడు చూడు. ఒక్కడూ గోడ దూకట్లేదు. మిగతా బడులవాళ్లు కూడా మన పుస్తకం అడుగుతున్నారు. అంతా నీ చలవే." ఆయన గొంతులో నిజమైన కృతజ్ఞత ఉంది.

ఎడిటరమ్మకు ఆ గదిలో కోపం రాలేదు. కోపం రావాల్సిన చోట ఏదో ఖాళీగా ఉంది. ఏదీ తేలని సీను ముందు కూర్చున్నప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. ఇందులోంచి ఏది తీసేస్తే మిగతాది బతుకుతుంది అని ఆలోచించింది.

"బావగారూ," అంది నెమ్మదిగా, "ఇంత మంచి పద్ధతి ఉంచుకుని సినిమాతో ఆపేస్తారేంటి? తల్లిదండ్రులు ఏం అడుగుతున్నారు? పిల్లలు మాట వినట్లేదంటున్నారు. పెద్దలంటే గౌరవం లేదంటున్నారు. దాన్ని కూడా సబ్జెక్టు చేయొచ్చు కదా?"

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "విధేయత."

"పుస్తకం వేయించండి. పీరియడ్లు చాలకపోతే సినిమాది తీసేయండి. ఇక దాంతో పనేముంది, ఎలాగూ అయిపోయింది."

ఆయన లేచి వచ్చి మరదలి భుజం తట్టారు. "చదువు అబ్బలేదంటారు గాని, నీ బుర్ర పాదరసం."

మహానుభావులకు కూడా ఒక్కోసారి సొంత సూత్రం గుర్తుండదు. తల్లిదండ్రుల సమావేశంలో ఆయన ఈ సంగతి ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఒక తండ్రి లేచి, వీలైతే రోజుకు రెండు పీరియడ్లు పెట్టమని వేడుకున్నాడు. సినిమా పుస్తకాలు కట్టలు కట్టి స్టోర్ రూంలో పడేశారు. సినిమా చూడటం మళ్లీ నేరమైంది, హాలు దగ్గర కనపడినవాళ్లను ఇంటికి పంపేస్తామని నోటీసు అంటించారు.

విధేయత అనగానేమి, విధేయత ఎన్ని విధములు, పెద్దలు వచ్చినపుడు లేచి నిలబడుట వలన కలుగు లాభములు. వైస్ ప్రిన్సిపాల్ మేడం ఎంతో శ్రద్ధగా చెప్పింది. అంతవరకూ మేష్టారు రాగానే వాళ్లంతట వాళ్లే లేచే పిల్లలు, లేవడానికి రెండు మార్కులని తెలిశాక, మార్కులు లేని రోజున లేవడం మానేశారు. ఇళ్లలో సంగతి చెప్పనక్కర్లేదు. మంచినీళ్లు తెమ్మన్న తాతగారిని, ఇది సిలబస్‌లో ఉందా అని ఒక మనవరాలు అడిగింది. మొదటి టర్ము ముగిసేసరికి ఆ బడిలో విధేయతలో వందకు వంద వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, మాట వినేవాళ్లు మాత్రం లేరు. ప్రిన్సిపాల్ గారు ఎక్కడ తేడా కొట్టిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నారు. పాఠ్యపుస్తకం మార్చాలేమో అంటున్నారు.

ఎడిటరమ్మ బడి మానేసింది. కుర్ర దర్శకుడిని పిలిచి, అతని సినిమాను మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చేతులు తడబడ్డాయి. ఒక్కో కట్ దగ్గర పూటలు గడిచిపోయాయి. చాలా కాలానికి సంతోషంగా విసుక్కుంది.

అలా ఒక శుక్రవారం తల వాచిపోయి, కాస్త గాలి పీల్చుకుందామని బయటికొచ్చి, హాల్లో మధ్యాహ్నం ఆటకు వెళ్లి కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికి ముందు వరసలో ఒక తల కదిలింది. యూనిఫాం మీద పాత స్వెటర్ తొడుక్కుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, అక్కకూతురు. పక్కన పొడుగు కుర్రాడు, అటువైపు మరో నలుగురు. వచ్చేటప్పుడు హాలు మేనేజర్ గుమ్మంలో ఎందుకంత నవ్వుతున్నాడో ఇప్పుడు తెలిసింది.

బాధ్యత గల పిన్నిగా తను చేయవలసింది ఏమిటో ఎడిటరమ్మకు బాగా తెలుసు. లేచి వెళ్లి, చెవి పట్టుకుని, బయటికి లాక్కురావాలి. లేవబోయింది కూడా. అప్పుడే తెర మీద ఏదో జరిగింది. ఒకమ్మాయి బస్సు దిగి, దిగాక ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది. కెమెరా కదల్లేదు, సంగీతం లేదు. అక్కకూతురు సీటులో ముందుకు జరిగింది. వెలుగులో ఆ పిల్ల చెంప కనపడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. పొడుగు కుర్రాడు చెవిలో ఏదో అనబోతే, మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

ఎడిటరమ్మ తన సీటులోకి మెల్లగా జారిపోయింది, ముందు వాళ్లు వెనక్కి తిరిగినా కనపడనంత కిందికి. అప్పుడే ఒళ్లో ఫోను వణికింది. అక్కగారు.

"ఏమే, పిల్ల బడిలో లేదట. భోజనాల గంట నుంచీ కనపడట్లేదని ఫోన్ చేశారు. మీ బావగారు చిందులేస్తున్నారు. నీ దగ్గరికి గాని వచ్చిందా?"

"ఇక్కడే ఉందక్కా," అంది ఎడిటరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "కంగారుపడకు."

"ఏం చేస్తోంది అక్కడ?"

ఎడిటరమ్మ సీట్ల సందులోంచి ఇంకోసారి చూసింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తోంది.

"చదువుకుంటోంది."